ఒక్కసారే పిలిచాను

మా మామగారి పేరు నేను పలకకూడదు. రాయకూడదని ఎవరూ అనలేదు గానీ, రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అందుకని ఈ కథలో ఆయన మామగారే.

దక్షిణాఫ్రికాలో మా ఖోసా ఇళ్ళల్లో కొత్త కోడలికి ఇది మామూలే. మామగారి పేరొక్కటే కాదు, ఆ పేరు మొదట్లో ఉన్న చప్పుడుతో మొదలయ్యే మాటలు కూడా మానేసి, వాటికి బదులు వేరే మాటలు వెతుక్కోవాలి. యూనివర్సిటీలో నాతో చదివిన అమ్మాయిలు ఫోన్లు చేసి, ఎలా భరిస్తున్నావే అని జాలిపడేవాళ్ళు. నాకైతే అదొక ఆటలా ఉండేది. సెప్టెంబరులో పెళ్ళయింది. జనవరిలో బడి తెరిస్తే టీచరుగా చేరాలి. మధ్యలో మిగిలిన ఆ కాస్త కాలం దేవుడు నాకు కొసరు వేసినట్టుగా ఉండేది. అత్తింటివాళ్ళు నాకు నోపుమ్జీలె అని కొత్త పేరు పెట్టారు. వెనకనుంచి ఎవరైనా ఆ పేరు పిలిస్తే ఎవరినో అనుకుని రెండడుగులు వేసి, అయ్యో నన్నే కదా అని వెనక్కి తిరిగేదాన్ని. ఆ రెండడుగులంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కళ్ళదాకా దించి కట్టిన తలగుడ్డ, భుజాల మీద శాలువా, పాదాలు కప్పే గౌను, కొమాని ఊళ్ళో నిప్పులు చెరిగే ఎండ. అన్నీ ఇష్టమే. సాయంత్రం మా ఆయన లువో నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో ఎవరూ లేకుండా చూసి, ఆ తలగుడ్డని వేలితో ఒక్క అంగుళం పైకి జరిపి నా మొహం చూసేవాడు. దానికోసం ఎంత ఎండైనా ఓర్చుకోవచ్చు.

చిక్కల్లా కుక్క దగ్గర వచ్చింది.

మామగారు ముప్ఫై ఏళ్ళు రైల్వే యార్డులో పెట్టెలు కలిపే పని చేశారు. అక్కడ మైకులో ఆయన పేరు రోజుకు యాభైసార్లు మోగేదట. రిటైరయి ఇంటికొచ్చాక ఆ పేరు పిలిచే దిక్కు లేకపోయింది. అత్తయ్య "లువో వాళ్ళ నాన్నా" అంటుంది. పిల్లలు నాన్నా అంటారు. వీధిలో వాళ్ళు వంశం పేరు పట్టుకుని జోలా అంటారు. ఏడేళ్ళ కిందట ఎవరో అరచేతిలో పట్టేంత గోధుమరంగు కుక్కపిల్లను ఇస్తే, ఆయన తన పేరే దానికి పెట్టేశారు. చర్చి పెద్దలు వచ్చి ఇదేం పని అని అడిగితే, వాడకపోతే పేరు కూడా తుప్పు పడుతుందయ్యా అన్నారట. అప్పట్నుంచి ఇంట్లో ఆ పేరు మళ్ళీ మోగడం మొదలైంది. ముఖ్యంగా అత్తయ్య నోట. పెళ్ళయిన నాటినుంచి మొగుణ్ణి పేరుపెట్టి పిలవని మనిషి, ఇప్పుడు కుక్క వంకన పొద్దున్న లేచింది మొదలు ఆ పేరుని తిట్టిపోసేది. మళ్ళీ రొట్టె ఎత్తుకుపోయావా దొంగమొహమా, సిగ్గుందా నీకు, గడపలో అడ్డంగా పడుకున్నావేం అని. మామగారు పేపరు చాటున ముసిముసిగా నవ్వుకునేవారు.

ఆ ఇంట్లో కుక్కని పేరుపెట్టి పిలవలేనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకని నేను దానికి గ్వీన్యా అని పేరు పెట్టుకున్నాను. గ్వీన్యా అంటే నూనెలో వేయించిన పిండిముద్ద. గుండ్రంగా, గోధుమరంగులో, పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. అచ్చం దానిలాగే. చేతిలో రొట్టెముక్క ఉంటే గ్వీన్యా అన్నా వచ్చేది. రొట్టెముక్క లేకపోతే ఈవిడ ఎవరితో మాట్లాడుతోందా అన్నట్టు అటూ ఇటూ చూసేది.

కోడలు మామగారి మొహంలోకి చూసి మాట్లాడకూడదు. ఆయనా కోడలితో నేరుగా మాట్లాడరు. కానీ ఇద్దరికీ మాట్లాడాలని ఉండేది. ఆయనకు రైళ్ళ కబుర్లు, నాకు ప్రతిదానికీ ఎందుకని అడిగే జబ్బు. దాంతో కుక్క మాకు మధ్యవర్తి అయింది. ఆయన వరండాలో కూర్చుని దానితో అనేవారు, "ఒరేయ్, కోడలికి చెప్పు, ఇవాళ టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయిందని." నేను వంటింటి గడప దగ్గర నిలబడి, "గ్వీన్యా, డాక్టరు ఏం చెప్పాడో మామగారికి గుర్తుచెయ్యి" అనేదాన్ని. అది ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు తల తిప్పి తిప్పి చివరికి విసిగిపోయి పడుకునేది. నా పెళ్ళిలో నాకు దొరికిన బహుమతులన్నిట్లోకీ మంచిది అదే.

నవంబరులో మామగారికి తుంటి ఆపరేషను అయింది. చేతికర్ర పట్టుకుని గేటుదాకా నడవడమే గగనం. అంతవరకూ రోజూ ఊళ్ళోకి వెళ్ళి సరుకులు తెచ్చేది ఆయనే, వెంట కుక్క. ఆయన మానేసినా కుక్క మానలేదు. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి గేటు దగ్గర కూర్చుని ఏడుపు లంకించుకునేది. మూడు రోజులు చూసి అత్తయ్య, దీన్ని నువ్వన్నా తీసుకుపో తల్లీ, లేకపోతే నేనే పోతాను ఎటైనా అంది.

దాన్ని నా చేతికి ఇవ్వడానికి మామగారికి వారం పట్టింది. ఆయన దగ్గర రైల్వే వాళ్ళ మందపాటి గుడ్డతో కుట్టిన సంచి ఉంది. అడుగున చెక్క, లోపల రెండు కొక్కేలు. కుక్క ఒంటికి వేసిన పట్టీని రెండు కొక్కేలకూ తగిలించాలి. ఒకటి ఊడినా ఇంకొకటి ఉంటుంది. తగిలించడం నాతో ఇరవైసార్లు చేయించారు, అన్నీ కుక్క చెవిలో చెప్పి. టాక్సీలో సంచి ఒళ్ళో ఉండాలి, కాళ్ళ దగ్గర పెడితే దిగేవాళ్ళు తొక్కుతారు. ఎవరైనా కారులో దింపుతామంటే సరే, కానీ కుక్కని లోపల పెట్టి అద్దాలు మూసి ఒక్క నిమిషం అని దిగితే అది కారు కాదు, పొయ్యి. తారురోడ్డు మీద దించేముందు నీ చెయ్యి ఆనించి ఐదు లెక్కపెట్టు, నీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని కాలూ ఓర్చుకోదు. కొట్లోకి కుక్కల్ని రానివ్వరు కాబట్టి పళ్ళమ్మే మాదూమా దగ్గర అప్పగించు, ఇంకెవరి దగ్గరా వద్దు. స్తంభానికి మాత్రం కట్టకు.

"ఒరేయ్, స్తంభానికి కట్టిన కుక్కా గోడమీద పెట్టిన పర్సూ ఒకటేనని చెప్పు" అన్నారు. "జోహన్నెస్‌బర్గ్ నుంచి పండక్కి వచ్చేవాళ్ళు చిన్నకుక్క కనపడితే వదలరు, ఎత్తుకుపోయి అమ్ముకుంటారు."

"మామగారి కుక్కని ఎవరు కొంటారట గ్వీన్యా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇంకొక్కటి చెప్పమన్నారు దాన్ని. ఎప్పుడైనా జారిపోయి రోడ్డుకి అవతల పడితే, ఇవతలనుంచి పిలవకూడదు. అది అక్కడే కూర్చుంటుంది, అలా నేర్పాను. నువ్వే దాటి వెళ్ళాలి.

ఆ డిసెంబరు మొదటి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఛాతీకి ముందు సంచి, అందులోంచి ఒక చిన్న తల. టాక్సీలో ముసలమ్మలు కాస్త జరిగి నాకు కిటికీ పక్క చోటిచ్చేవాళ్ళు. పోలీసు కూడా దారిచ్చి సలాం కొట్టాడు, నాకు కాదు. మాదూమా అయితే నన్ను దూరంనుంచే చూసి కేకవేసేది. ఆవిడ గంపల వెనక గొడుగు నీడలో మామగారు కూర్చుని ముచ్చట్లు చెప్పే చోటు ఒకటి ఉంది, అక్కడ నీళ్ళ గిన్నె, పాతగోనె.

"ఏం కోడలా, మీ మామగారిని సంచిలో వేసుకొచ్చావా?" అనేది అందరికీ వినపడేలా. పక్కన టమాటాలు అమ్మేవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను శాలువాలో మొహం దాచుకునేదాన్ని. ఆవిడ ఆ పేరుని తీరిగ్గా, సాగదీసి పిలిచి కుక్కని అందుకునేది. "అమ్మా, నువ్వు కూడా ఒక్కసారి అను. మీవాళ్ళెవరూ లేరులే ఇక్కడ" అని ఉడికించేది. నేను గ్వీన్యా అనేదాన్ని. కుక్క మాదూమా వైపే చూసేది. నాకు కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది, నిజం చెప్పాలంటే.

క్రిస్మస్‌కి గెమెరె చెయ్యాలి. పులియబెట్టిన అల్లం పానకం అది, ఇంటింటా బకెట్లతో చేస్తారు. ఈసారి కోడలి చేత్తో అని అత్తయ్య ప్రకటించింది. డిసెంబరు ఇరవై, శనివారం. అల్లం, అనాసపండ్లు, ఈస్టు, ఎండుద్రాక్ష తేవాలి. ఊరంతా జోహన్నెస్‌బర్గ్ నంబరు ప్లేట్లే. పెద్దరోడ్డు మీద తెల్ల టాక్సీ వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి. పేవ్‌మెంటు మీద అడుగు తీసి అడుగు వెయ్యలేం.

కొట్లో గంట పట్టింది. బయటికి వచ్చేసరికి తలగుడ్డ చెమటకి జారి మెడమీద పడింది. రెండు చేతుల్లో సరుకులు, ఎలాగూ ఎవరూ చూడటం లేదు. అలాగే మాదూమా దగ్గరికి వచ్చాను. ఆవిడ, రెండు నిమిషాలు నా గంప చూడు, కుళాయి దగ్గరికి వెళ్ళొస్తా అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను సరుకులు కింద పెట్టి, గోనె దగ్గర కుక్కకి కట్టిన తాడు విప్పి, దాన్ని సంచిలోకి ఎత్తబోతున్నాను.

"నోపుమ్జీలె."

ఆ గొంతు ఎవరిదో తిరగకుండానే తెలిసింది. మామగారి అక్క నోమలీజో, నాకు పెద్దత్త. ఏటా పండక్కి జోహన్నెస్‌బర్గ్ నుంచి వస్తుంది. మంగళవారం వస్తానని శనివారం దిగింది. పెళ్ళిరోజు నా తలగుడ్డ కట్టింది ఆవిడే. ముడివేసి, ఈ ఇంటి మర్యాద ఇక్కడ కట్టాను, జారనివ్వకు అంది అప్పుడు.

నా రెండు చేతులూ తలమీదికి వెళ్ళాయి.

సరిగ్గా అప్పుడే వెనకవీధిలో ఎవరో టపాకాయ కాల్చారు. ఒకటి కాదు, ఒక సరం మొత్తం. తిరిగి చూసేసరికి గోనె ఖాళీ. అది అప్పటికే జనం కాళ్ళ మధ్యనుంచి రోడ్డుమీద పడి, ఒక కారు కిందనుంచి వచ్చిందో, ముందునుంచి వెళ్ళిందో, అవతలి పేవ్‌మెంటు ఎక్కేసింది. ఏమీ కాలేదు. మందులషాపు మెట్టు పక్కన కూర్చుంది. నేర్పిన కుక్కలాగే, బుద్ధిగా. చెవులు వెనక్కి పెట్టి, నోరు తెరిచి, జనంలో మా వాళ్ళెవరా అని వెతుకుతోంది.

గ్వీన్యా అని పిలిచాను. గొంతు చించుకుని పిలిచాను. దాని చెవి కూడా కదల్లేదు. అంత భయంలో దానికి పిండిముద్దల పేర్లు ఏం గుర్తుంటాయి.

అప్పుడు చూశాను, ఒక మనిషి దాని పక్కన ఆగాడు. చేతిలో పెద్ద ప్లాస్టిక్ సంచి. అటూ ఇటూ చూశాడు. సంచి కింద పెట్టి దానిమీదికి వంగాడు.

ఎత్తుకుపోతున్నాడు అనుకున్నాను. ఆ నిమిషంలో నా బుర్రలో ఒకటే ఉంది, ఆ పేరు. అనాలా వద్దా, అనాలా వద్దా. పక్కనే పెద్దత్త. మూడు నెలలుగా ఆ పేరు వచ్చే చోటల్లా పళ్ళు బిగించడం అలవాటైన నోరు. దాన్ని తెరవడం ఎలా అన్నదొక్కటే నాకు ఆ క్షణాన ప్రపంచంలో ఉన్న ప్రశ్న. మామగారు చెప్పిన మిగతావేవీ నాకు గుర్తులేవు.

పిలిచాను. ఒక్కసారే. పూర్తిగా, స్పష్టంగా.

అది నన్ను చూసింది. నా నోట ఆ పేరు వినడం దానికి అదే మొదలు. ఒళ్ళంతా ఊపుకుంటూ లేచింది. ఆ మనిషి చేతుల్లోంచి జారి, అటూ ఇటూ చూడకుండా, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

తెల్ల టాక్సీకి ఆగేంత చోటు లేదు.

ఆ తర్వాత దాన్ని రోడ్డుమీంచి తీసుకొచ్చింది ఆ మనిషే. రెండు చేతుల మీద, నిద్రపోయే పిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. "నీదేనా అమ్మా?" అన్నాడు. "రోడ్డెక్కుతుందేమోనని పట్టుకుందామనే వంగాను." అతని సంచిలో పిల్లల బట్టలున్నాయి, కొత్తవి. పెద్దత్త తన భుజాల మీది శాలువా తీసి దాన్ని చుట్టింది. మాదూమా నీళ్ళ బిందెతో వచ్చి, దించడం మర్చిపోయి అలాగే నిలబడింది.

ఇంటికి వెళ్ళే టాక్సీలో పెద్దత్త నా తలగుడ్డ తనే సరిచేసింది. తర్వాత మెల్లిగా, ముందున్న సీటును చూస్తూ చెప్పింది. "నీ నోట నేనేమీ వినలేదు. ఎవరికైనా తెలిస్తే మీ అమ్మ తప్పు కింద మేకను తోలుకొచ్చి మా గుమ్మంలో తలవంచుకుని నిలబడాలి. పెళ్ళయిన మొదటి పండక్కే అది అక్కర్లేదు. జారిపోయింది, రోడ్డెక్కింది. అంతే."

మామగారు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు. శాలువా మూటను చూసి చేతులు చాపారు. సాయంత్రం లువో వచ్చి పెరట్లో తవ్వేదాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు. అత్తయ్య టీ పెట్టి తెచ్చి, ఆ కప్పు ఆయన పక్కన పెట్టి, చల్లారాక తీసుకెళ్ళి పారబోసి, మళ్ళీ పెట్టి తెచ్చింది.

మర్నాడు పొద్దున్న అందరం రొట్టె తింటున్నాం. నేను అలవాటుగా వంటింటి గడప దగ్గర ఉన్నాను. మామగారు ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"పిలవందే అది రోడ్డు దాటదు. అటు వెళ్ళిందంటే టపాకాయకి వెళ్ళింది. ఇటు ఎందుకొచ్చింది? ఎవరు పిలిచారు?"

నా వైపు చూడనే లేదు. ఈ నోటికి ఆ పేరు రాదని ఆయనకు అంత నమ్మకం. నేను గుమ్మం పట్టుకున్నాను. చెబుదామనే అనుకున్నాను. ఊపిరి తీసుకున్నాను కూడా.

"నేను" అంది పెద్దత్త, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"నువ్వా?"

"నేనే. నీ పేరు పిలవడానికి నాకు ఒకరు చెప్పాలా? నీకు ఆ పేరు పెట్టిననాడు నిన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది నేను."

"అవతల ఉంటే పిలవకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పానక్కా."

"చెప్పావు."

మామగారు కప్పు కింద పెట్టారు. "కుక్కకి ఆ పేరు పెట్టడం నీకు మొదటినుంచీ గిట్టదు. నాన్న పెట్టిన పేరుని నాలుగు కాళ్ళమీద నడిపిస్తావా అన్నావు. ఇప్పుడు నడవదులే" అన్నారు. చేతికర్ర పట్టుకుని లేచి గదిలోకి వెళ్ళిపోయారు. పెద్దత్త వెన్న రాసిన రొట్టెను చాలాసేపు చూసి, తినడం మొదలుపెట్టింది.

ఆవిడతో ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

పండగ వచ్చింది, వెళ్ళింది. గెమెరె నేనే చేశాను. అల్లం కోరాను, ద్రాక్షలు తేలాక వడగట్టాను, ఎవరో చేసినట్టు చేశాను. చుట్టాలు తాగి బాగుందన్నారు. అన్నదమ్ముల పిల్లలు పాటలు పాడారు. అక్కా తమ్ముడూ ఒకే బల్ల దగ్గర, ఉప్పు కావాలంటే అత్తయ్యనడిగి తీసుకుంటూ కూర్చున్నారు. పెద్దత్త నాతో మామూలుగానే ఉండేది. పనులు చెప్పేది, చేసినవాటికి వంకలు పెట్టేది. ఒంటరిగా ఉన్నప్పుడు నేను నోరు తెరవబోతే, బట్టలు ఆరాయేమో చూడు అని పంపేసేది.

ఆరేసిన దుప్పట్ల వెనక లువోకి మొత్తం చెప్పాను. తను నా మొహాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. "అత్త ఒకటి అన్నదంటే అన్నదే. నువ్వు ఇప్పుడు కాదంటే ఆవిడని అబద్ధాలకోరుని చేసినట్టు" అన్నాడు. తనది ప్రేమే. నాకూ ఆ మాట హాయిగానే ఉంది. అందుకే ఇంకా సిగ్గేసింది.

మామగారు వరండాలో కూర్చోవడం మానేశారు. ఒకటి రెండుసార్లు నేను గడప దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయనకు రొట్టె ఇంకా కావాలేమో అడగాలి. ఎవరితో చెప్పి అడగను? ఆయనకూ ఏదో చెప్పాలని ఉన్నట్టు తల ఎత్తేవారు, నేల వైపు చూసేవారు, మళ్ళీ దించుకునేవారు.

పెద్దత్త జనవరి పదిహేనుదాకా ఉండాల్సిన మనిషి. డిసెంబరు ఇరవై తొమ్మిదినే పెట్టె సర్దుకుంది. పదకొండు గంటల బస్సు, పెద్దరోడ్డుకి అవతల పెట్రోలు బంకు దగ్గర ఎక్కాలి. వెళ్ళేముందు మామగారి గది తలుపు దగ్గర నిలబడి, "తమ్ముడూ, వెళ్తున్నా" అంది. లోపల మంచం కిర్రుమంది. అంతే. ఇంకొంచెంసేపు నిలబడి, "తుంటి జాగ్రత్త" అని తలుపుకే చెప్పి వచ్చేసింది. లువో పెట్టె ఎత్తుకుని ఆవిడతో వెళ్ళాడు. గేటు దగ్గర ఆవిడ నా తలగుడ్డ వైపు ఒకసారి చూసింది.

అత్తయ్య దొడ్లో ఉంది. నేను ఎంతసేపు అలా గేటు పట్టుకుని నిలబడ్డానో తెలియదు. తర్వాత నా కాళ్ళే నన్ను తీసుకెళ్ళాయి. మామగారి గదిలోకి కోడలు వెళ్ళకూడదు. వెళ్ళాను. ఆయన మంచం అంచున గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"పిలిచింది నేను మామయ్యా" అన్నాను. "పెద్దత్త కాదు. నేనే."

ఆయన కదల్లేదు. గోడతోనే అడిగారు.

"ఆ పేరుతోనా?"

"ఆ పేరుతోనే."

"వినపడిందా దానికి?"

"వినపడింది."

"వచ్చిందా?"

"పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎక్కడా ఆగలేదు."

ఆయన తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. "సంతోషపడి ఉంటుంది" అన్నారు చివరికి. "నువ్వు పిలిచావని సంతోషపడి ఉంటుంది పిచ్చిది."

నాకు ఏడవడానికి కూడా హక్కు లేదనిపించి గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడాయన ఇటు తిరిగారు. నా మొహంలోకే చూశారు. నేను కళ్ళు దించుకోవడం మర్చిపోయాను.

"నా బూట్లు ఎక్కడున్నాయి?"

ఫోను చేద్దామన్నాను. ఇది ఫోనులో చెప్పే మాట కాదన్నారు. ఆపరేషను తర్వాత ఆయన గేటు దాటడం అదే మొదటిసారి. టాక్సీ ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. టాక్సీ మమ్మల్ని పెద్దరోడ్డుకి ఇవతల దింపేసరికి పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. అవతల బంకులో బస్సు ఇంకా ఉంది. తలుపు తెరిచే ఉంది. కార్లు మాత్రం ఆగడం లేదు. ఆయన ఒకసారి కర్ర ముందుకు పెట్టారు, వెనక్కి తీసుకున్నారు. తర్వాత మోచెయ్యి నా వైపు చాపారు. మామగారిని కోడలు ముట్టుకోకూడదు. పట్టుకున్నాను. ఎముకలు తప్ప ఇంకేం లేవు ఆ చేతిలో. ఒక లారీవాడు దయతలచి ఆగాడు. ఆయన ఒక్కొక్క అడుగూ వేస్తుండగా, మేము సగం రోడ్డులో ఉండగా, బస్సు తలుపు మూసుకుని కదిలింది.

"అక్కా" అని పిలిచారు మామగారు. బస్సుకి అన్నీ నల్లద్దాలు. లోపల ఎవరు ఎటు చూస్తున్నారో తెలియదు. అది మలుపు తిరిగి వెళ్ళిపోయింది. బంకులో పెట్టె ఎక్కించి తిరిగొస్తున్న లువో, మేము అలా చేతులు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉండటం చూసి తల తిప్పుకున్నాడు.

తర్వాతి బస్సు మధ్యాహ్నం మూడింటికి. మామగారు టికెట్టు కొనుక్కున్నారు. బట్టలు తెస్తానన్నా వద్దన్నారు, మందులు మాత్రం లువోని తెమ్మన్నారు. బంకు బయట బెంచీ మీద కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. రాత్రంతా ప్రయాణం, ఆ తుంటితో. అక్క తలుపు తెరుస్తుందో లేదో తెలియదు. ఏం చెబుతారో అడగడం నాకు చేతకాలేదు. ఇక్కడే ఉంటాను మామయ్యా, బస్సు ఎక్కేదాకా, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అత్తయ్య ఒక్కతే ఉంటుంది ఇంట్లో, వెళ్ళమన్నారు.

నేను లేచాను. శాలువా సర్దుకున్నాను. నాలుగడుగులు వేశాక వెనకనుంచి అన్నారు.

"ఎండగా ఉంది. నీడపట్టున వెళ్ళు."

నీడపట్టునే వెళ్ళాను. బంకు రేకుల కింద, తర్వాత టైర్లషాపు గోడ పక్కన, తర్వాత మందులషాపు ముందరి పందిరి కింద. ఆ మెట్టు పక్కన ఎవరో తడిపి ఊడ్చారు. అక్కణ్ణుంచి రోడ్డు దాటాలి. దాటేచోట నీడ లేదు.